కిలోకి పదివేలు

ఏమీ చెయ్యకుండా ఉండడానికి వచ్చాను ఇక్కడికి,
ఇటలీ బూటుకి అరికాలి దగ్గర,
కాలబ్రియాలో ఎవరూ పెద్దగా దిగని స్టేషనుకి.
రైలు ఒక్కటే. దానికీ తొందర లేదు.
బోర్డు మీద సగం అక్షరాలు ఉప్పుగాలి తినేసింది.

రిసార్టు వాళ్ళు మణికట్టుకి నీలం పట్టీ వేశారు,
ఆసుపత్రిలో పసిబిడ్డకి వేసినట్టు.
అది చూపిస్తే తువ్వాలిస్తారు, పుచ్చకాయ ముక్కలిస్తారు,
మొదటి వరసలో పడకకుర్చీ ఇస్తారు.
చూపించకపోయినా సముద్రం
కాళ్ళ దాకా వచ్చి పోతూనే ఉంది.

మొదటిరోజు దుప్పటికి ఎన్ని పోగులో చీటీ మీద చదివాను.
రెండోరోజు గొడుగులు లెక్కపెట్టాను, నూటపన్నెండు.
కింద మనుషులు పంతొమ్మిది.
మూడోరోజు తెల్లారకముందే మెలకువొచ్చి చూస్తే
ఎవరో ఇసకని దంతెతో దువ్వుతున్నారు,
రాత్రి నేను నడిచిన అడుగులు ఒక్కటీ మిగల్చకుండా.
నేను ఏమీ చెయ్యకుండా ఉండడానికి
ఎంతమంది ఎంత పని చేస్తున్నారో!

గది సర్దడానికి మిమ్మ వచ్చేది.
అసలు పేరు దొమెనికా,
అంత పేరు పిలిచే తీరిక ఎవడికుందీ అంటుంది.
నాకొచ్చిన ఇటాలియన్ మాటలు పదమూడు,
ఆమెకొచ్చిన ఇంగ్లీషు అంతకి నాలుగు తక్కువ.
మిగతాదంతా చేతులు చూసుకునేవి.

స్నానాలగదిలో చిన్న సీసా, మీద జాజిపువ్వు బొమ్మ.
మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టి
తన ముక్కు చిట్లించింది.
"ఇది పువ్వు కాదు.
పువ్వుని చూడనివాడు దాని గురించి చెప్పిన మాట."

కిటికీలోంచి చూపించింది.
ఆ ఈతకొలను, ఆ టెన్నిస్ కోర్టు,
బ్యాటరీ బండ్లు నిలిపే ఆ షెడ్డు,
అదంతా జాజితోటట.
వాళ్ళ అమ్మమ్మ నున్జియాత రాత్రి రెండింటికి లేచేదట.
పొద్దెక్కితే పువ్వులో వాసన ఎగిరిపోతుంది,
అందుకని చీకట్లోనే, చెప్పుల్లేకుండా,
మోకాళ్ళ దాకా మంచులో,
నడుముకి కట్టుకున్న గుడ్డసంచిలోకి.
కిలోకి పదివేల పువ్వులు.
పదివేలని చెప్పడానికి వేళ్ళు చాలక
రెండు చేతులూ తెరిచి మూసి, తెరిచి మూసి,
చివరికి తనకే నవ్వొచ్చి ఆపేసింది.

తూకం దగ్గర గుమస్తా
తడి బరువని కొంత కోసేవాడట.
"తడంతా మా అమ్మమ్మ పాత లంగా అంచుల్లో ఉండేది,
సంచిలో కాదు."
అత్తరు ఫ్రాన్సుకి వెళ్ళేది.
నున్జియాత తన పెళ్ళినాడు
చేతిలో గోధుమకంకులు పట్టుకుని నిలబడిందట.

మీ భాషలో ఏమంటారు, అంది దిండు దులుపుతూ.
జాజి, అన్నాను.
రెండుసార్లు పలికింది.
రెండోసారి నాకంటే బాగా.

చివరి రాత్రి నిద్ర పట్టలేదు.
గడియారం చూస్తే రెండు దాటింది,
ఎవరూ లేపకుండానే.
లాండ్రీ వెనక, గ్యాస్ బండల పక్కన,
ఎవరూ నీళ్ళు పొయ్యని ఒక తీగ
ఇనపకంచె పట్టుకుని పాకింది.
చూద్దామని మొదలుపెట్టాను.
నలభై దాటేసరికి మెడ పట్టేసింది.
నూట ఆరు దగ్గర లెక్క తప్పింది.
అరచేతిలో చూస్తే గుప్పెడు కూడా లేవు,
బరువైతే అసలు లేదు.

టార్చిలైటు నా మొహం మీద పడింది.
కాపలా సవేరియో. ముందు నీలం పట్టీ చూశాడు,
తర్వాత నన్ను, మంచుకి తడిసిన పైజామాని.
ఏం చేస్తున్నారండీ ఇక్కడ, ఈ వేళప్పుడు?

ఏమీ లేదు, అన్నాను,
గుప్పిట వెనక్కి పెట్టుకుని.